పేరు పెట్టని డబ్బు

మొన్న పొద్దున పప్పుకు తిరగమోత వేస్తుంటే ఫోను మోగింది. మెసేజి. ఆదాయపు పన్ను కింద నా దగ్గర ఎక్కువ పట్టుకున్నారట, దాన్ని తిరిగి బ్యాంకులో వేశారట. ఈ కాలంలో ఇలాంటివన్నీ దొంగ మెసేజీలే కదా అని తుడిచేయబోయి, ఎందుకైనా మంచిదని బ్యాంకుకు పోయి అడిగాను. "నిజమే మేడమ్, పడినాయి. పండగ చేసుకోండి" అన్నాడు కౌంటర్లో ఆయన. నాకు పండగ చేసుకోబుద్ధి కాలేదు. అక్కడే బల్ల మీద కూర్చుండిపోయాను. ఉదయగిరిలో మా పక్కవాటా సారు కళ్ల ముందుకొచ్చాడు. ఆయన పోయి కూడా చాలా ఏళ్లయింది.

ఆయన పేరు రాయను. పేర్లంటే ఆయనకున్న పట్టింపు నాకు తెలుసు, అందుకని.

తొంభైల్లో నాకు టీచరుగా ఉదయగిరికి పోస్టింగు వచ్చింది. మాది ఆత్మకూరు. మా ఆయనది నెల్లూరులో ఉద్యోగం, శనివారం వచ్చి సోమవారం తొలిబస్సుకు పోయేవాడు. సారు వాళ్ల ఇంట్లోనే ఒక వాటా అద్దెకు తీసుకున్నాను. సారు మా స్కూల్లోనే సోషల్ చెప్పేవాడు. నాకంటే బాగా పెద్ద. ఆయన భార్యను నేను అక్కా అనేదాన్ని. వాళ్లకు పిల్లల్లేరు. తాతల కాలం నుంచీ బాప్టిస్టు చర్చి మనుషులు. మా రెండు వంటిళ్లకూ మధ్య ఒకటే గోడ. ఆమె దగ్గితే నా వంటింట్లో వినపడేది.

జీతాల రోజు సారును చూసి తీరాలి. స్కూలెదురుగా టీ అంగట్లో బల్ల మీద కూర్చుని, నోట్లను ఒళ్లో పెట్టుకుని, ఒక్కోదాన్ని తీసి పేరు పెట్టేవాడు. "నువ్వు పాలామెవి. నువ్వు సొసైటీ అప్పువి. నువ్వు దేవునివి, పక్కకు పో. నువ్వు కందిపప్పువి." వినేవాళ్లకు నవ్వాగదు. ఆయన నవ్వడు. "నవ్వొద్దమ్మాయ్. పేరు లేని రూపాయి ఇంట్లో నిలవదు. దాన్ని ఎవురు పిలిస్తే వాళ్లతో పోతాది" అనేవాడు. అన్నీ అయ్యాక ఒళ్లో ఏమీ మిగిలేది కాదు. అప్పుడు టీ తాగేవాడు, ఎవరైనా ఇప్పిస్తే.

పేపరు కొనేవాడు కాదు. మంగలి షాపులో నిన్నటి పేపరు తెచ్చుకుని ఈరోజు చదివేవాడు. అదేంది సార్ అంటే, "వార్త ఒకరోజు ఊరితేనే రుచమ్మాయ్" అనేవాడు. ఆత్మకూరు నుంచి బస్సులో వస్తే ఉదయగిరికి ముందు స్టేజీలోనే దిగి, కొండను చూసుకుంటూ ఎండలో నడిచొచ్చేవాడు. ఆ కాస్త టికెట్టు మిగులుతుందని. అక్క పక్కనుంటే మాత్రం ఊళ్లోకే టికెట్టు తీసుకునేవాడు. అది కూడా ఆమెకు చెప్పేవాడు కాదు. నేను వాళ్ల వెనక సీట్లో కూర్చుని చూశాను కాబట్టి తెలుసు.

అక్క కట్టెల పొయ్యి మీదే వండేది. వానాకాలంలో కట్టెలు తడిస్తే ఆ ఇంట్లో మనిషికి మనిషి కనిపించేది కాదు. ఊదుగొట్టంతో ఊది ఊది, కొంగు నోటికడ్డం పెట్టుకుని బయటికొచ్చి, అరుగు మీద కూర్చుని దగ్గేది. నాకు పెళ్లప్పుడు మా నాయన గ్యాసు ఇప్పించాడు. దాన్ని ఉదయగిరికి తెచ్చుకున్నాను. సిలిండరు అయిపోతే ఆత్మకూరు నుంచి బస్సు టాపు మీద వేయించుకురావాలి, అదో తిప్పలు. అయినా అక్కకు నా స్టవ్వంటే మోజు. సాయంత్రం వచ్చి గడప మీద కూర్చునేది. "వెలిగించు మే, చూస్తా" అనేది. వెలిగిస్తే, "చూడు, ఎంత నిమ్మళంగా మండతా ఉండాదో. పొగ అనేదే లేదు గదే" అని చంటిపిల్లను చూసినట్టు చూసేది. టీ పెట్టుకోక్కా అంటే, "అమ్మో, నాకు భయం" అని లేచిపోయేది.

ఆమెకు ఇంకో సరదా ఉండేది. అది చెప్పాలంటే చర్చిలో కోతల పండుగ గురించి చెప్పాలి. కోతలైపోయాక ఒక ఆదివారం, పండించినవాళ్లంతా తొలిపంట తెచ్చి చర్చిలో పెడతారు. వడ్లు, నిమ్మకాయలు, గుడ్లు, కాళ్లు కట్టిన కోళ్లు. ఆరాధన అయ్యాక ఆవరణలో చింతచెట్టు కింద వాటిని వేలం పాడతారు. డబ్బు చర్చికి. అక్కడ సరుకు ధర ఎవడిక్కావాలి? ఒక బావ పాడితే ఇంకో బావ పౌరుషంగా పైన పాడతాడు. కోడిగుడ్డు కోడి రేటుకు పోతుంది. ఆడవాళ్లు కొంగులడ్డం పెట్టుకుని నవ్వుతుంటారు. ఎవరిచ్చిన కాయ ఎంతసేపు పాటలో నిలిస్తే వాళ్లకంత గౌరవం. అక్క నన్ను కూడా లాక్కుపోయేది, నేను చర్చి మనిషిని కాకపోయినా.

అక్క ఏటా స్నానాల గది కప్పు మీదికి గుమ్మడి పాదు ఎక్కించేది. అందులో మొదటి కాయ చర్చికి. కానీ ఆ కాయను పాడేవాళ్లే లేరు. వాళ్లకు బావలు, మరుదులు అంతా కలువాయి వైపున్నారు. ఇక సారు సంగతి చెప్పక్కర్లేదు. అందరికంటే వెనక కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకునేవాడు. అదేంది సార్ అని అడిగాను ఒకసారి. "చేతిని నమ్మకూడదమ్మాయ్. ఒకోసారి అదే పైకి లేస్తాది" అన్నాడు. అక్క గుమ్మడికాయ ఇలా ఎత్తితే అలా పోయేది, ఎవరో ఒకరు మొహమాటానికి ఒక మాట అంటే. ఇంటికొచ్చే దారంతా ఆమె మాట్లాడేది కాదు. ఒక ఏడు మాత్రం అడిగేసింది.

"ఒక్కసారి నువ్వు పాడగూడదా అయ్యోరా? మన కాయ అంతమందిలో కాసేపు నిలబడతాది."

"మనమిచ్చిన కాయను మనమే కొనుక్కోవడమేంది మే? ఎవురన్నా వింటే నవ్వతారు."

"నవ్వితే నవ్వనీ. గుడ్డుకే అంతసేపు పాడినారు."

ఆయన గొడుగు రెండో చేతికి మార్చుకుని నడిచాడు. అంతటితో ఆ మాట అయిపోయింది.

ఆ మరుసటి ఏడు రిజిస్టరు కవరు వచ్చింది. పోస్టుమాన్ వాకిట్లో నిలబడి సంతకం పెట్టమంటే సారు కవరును రెండుసార్లు తిప్పి చూశాడు. పైన ఇన్‌కంటాక్సు ముద్ర ఉంది. అంతకుముందు ఆయనకు ప్రమోషను ఎరియర్స్ ఒక్కసారిగా వచ్చినప్పుడు ఆఫీసులో లెక్కా జమా చూడకుండా పన్ను కోసేశారు. స్కూల్లో లెక్కల మాస్టారు పోట్లాడి, ఏవో కాగితాల మీద సారు చేత సంతకం పెట్టించి నెల్లూరికి పంపించాడు. అది సారు ఎప్పుడో మర్చిపోయాడు. "ఇంకా కట్టమంటున్నారేమో అమ్మాయ్, నువ్వే చించు" అని కవరు నా చేతికిచ్చాడు. చించి చూశాను. తిరిగి ఇస్తున్నారు. కొంచెం తక్కువ రెండు నెలల జీతం.

"సార్, ఇది మీకే!" అని అరిచాను.

"నాకా? నేను అడగలా గదా!" అన్నాడు. పోస్టుమాన్‌కు చేతికందిన నోటు ఇచ్చేశాడు. ఆ నోటుకు అప్పటికే వేరే పేరుంది. ఆ నెల వాళ్లింట్లో కందిపప్పు తగ్గింది.

ఇక మొదలైంది తతంగం. పేరు లేని డబ్బు ఇంట్లోకొచ్చింది, దానికి పేరు పెట్టాలి. అందులో పదోవంతుకు చిక్కే లేదు, దేవునిదని వెంటనే చర్చిలో ఇచ్చేశాడు. మిగతాది ఏం చెయ్యాలి? కనిపించినవాడినల్లా అడిగాడు. ఆత్మకూరు రోడ్డు మీద ప్లాటుకు బయానా ఇవ్వమన్నాడు హెడ్మాస్టరు. బంగారం కొనమంది నన్ను చూడొచ్చిన మా అత్త. మంగలి షాపతను మేకలు కొనమన్నాడు. "మేకలైతే పెరగతాయి సార్, డబ్బు పెరగతాదా?" అన్నాడు. సారు దాన్ని కూడా రెండు రోజులు ఆలోచించాడు! అందరూ చెప్పింది శ్రద్ధగా విని, తల పంకించి వచ్చేసేవాడు. ఇంతమందిని అడగడమెందుకు సార్, చేసేది మీరనుకున్నదే కదా అంటే, "వినాల అమ్మాయ్. వింటేనే గదా కాదనడానికి" అన్నాడు.

నా వంతు వచ్చినప్పుడు నేను తడుముకోలేదు.

"గ్యాసు తీసుకోండి సార్. అక్క దగ్గు వినలేకపోతున్నాను."

అక్క పొయ్యి దగ్గరనుంచి తొంగిచూసింది. ఆ చూపు నాకింకా గుర్తుంది. బజారులో బొమ్మ ముందు ఆగిన పిల్ల చూపు.

సారు తల అడ్డంగా ఊపాడు. "గ్యాసు మండి పోతాది. మండి పోయేదానికి ఈ డబ్బు పెట్టకూడదు" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఆమె కంటే నేను చానా పెద్ద. ముందు పొయ్యేది నేనే. నేను పోయినాక సగం పింఛను వస్తాది. పిల్లలా, లేరు. ఆమె ఒకరి ముందర చెయ్యి చాచకూడదు. అందుకని ఆమె పేరు మీద పోస్టాఫీసు పొదుపు సర్టిఫికెట్లు కొంటా. ఆరేళ్లు తియ్యడానికి లేదు. నేను తీద్దామన్నా ఇయ్యరు. అది గట్టిది."

అంటే డబ్బుకు పేరు దొరికింది. అక్క పేరే.

లోపల్నుంచి అక్క అంది, కోపంగా కాదు, నవ్వుతూనే: "నువ్వు పొయ్యేది ఎప్పుడో ఏమో. నేను దగ్గేది ఇప్పుడు గదయ్యా."

"నీకు తెలవదు, ఊరుకో మే" అన్నాడు.

ఆ మాటలో ప్రేమ ఎంతుందో నాకు తెలుసు. అయినా ఒళ్లు మండింది. నేను లేచి నా వాటాలోకి పోయి తలుపేసుకున్నాను. గోడవతల అక్క కట్టెలు సర్దుతున్న చప్పుడు వినిపించింది.

మరుసటి ఏడు వానలు మొదలైనప్పుడు అక్క గుమ్మడి గింజలు పెట్టింది. మెట్లెక్కితే ఆయాసపడుతోంది. బిందె సగం ముంచి తెస్తోంది. పొగవల్ల అనుకున్నాం. పాదుకు రెండాకులు వచ్చేసరికి కాళ్లు నీరు పట్టాయి. నెల్లూరికి తీసుకుపోతే డాక్టరు గుండెలో కవాటం చెడిపోయిందన్నాడు. చిన్నప్పటి జ్వరంతో వచ్చిందట, ఇన్నేళ్లూ తెలియలేదట. మద్రాసులో ఆపరేషను చేయించాలి, ఆలస్యం చెయ్యొద్దన్నాడు. అందాకా అక్కను నెల్లూరు ఆసుపత్రిలోనే చేర్చుకున్నారు.

సారు పీఎఫ్ లోనుకు రాశాడు. అది ఏ టేబులు మీద ఎన్నాళ్లు పడుకుంటుందో మాకందరికీ తెలుసు. స్కూల్లో మేమందరం తలా కొంత వేశాం. చర్చివాళ్లు పోగు చేశారు. ఇంకా చాలదు. మద్రాసులో ముందు కొంత కడితే గానీ చేర్చుకోరు. ఆ కొంతకు సరిగ్గా అక్క సర్టిఫికెట్లు సరిపోతాయి.

ఆ శనివారం నేను మా ఊరు పోతూ ఆత్మకూరు బస్టాండులో దిగాను. సారు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. గొడుగు లేదు. చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఇంకోటి పెట్టుకున్నాడు. నన్ను చూసి, పక్కన కూర్చోమన్నట్టు అరుగు తుడిచాడు.

"పోస్టాఫీసులో అడిగినా అమ్మాయ్. పాపం, పోస్టుమాస్టరు మంచోడు. రూలు బుక్కు తీసి చూపించినాడు. ఆరేళ్లు నిండాలంట."

"బ్యాంకులో కుదవ పెట్టొచ్చు కదా సార్?"

"ఇప్పుడే అడిగొస్తున్నా. పెట్టుకుంటారంట. ఆమె పేరు మీదుండాయి గదా, ఆమె వచ్చి సంతకం పెట్టాలంట. ఆమె లేచి కూర్చోలేకుండా ఉండాది. కాగితాలు ఇచ్చినారు, నెల్లూరు తీసకపోయి సంతకం పెట్టించుకోని రమ్మన్నారు. మళ్లా ఆ కాగితాలు పోస్టాఫీసుకు పోవాలంట. దానికి ఇంకో వారం." బస్సు ఒకటి కదిలి పోయింది. "రూలు బుక్కులో ఇంకోటి కూడా ఉండాదమ్మాయ్. ఆరేళ్ల లోపల గూడా ఇస్తారంట. ఎప్పుడో తెలుసునా?"

నాకు తెలుసు.

"ఆమె పోతే ఇస్తారంట" అన్నాడు. ఆ పెద్దమనిషి బస్టాండులో అందరూ చూస్తుండగా మోచేత్తో మొహం కప్పుకుని ఏడ్చాడు. "నేను పోతానని కొన్నాను గదా అమ్మాయ్. నేను గదా పోవాల్సింది."

నేనూ ఏడ్చాను. ఏం చెయ్యను మరి? టీ తెచ్చిస్తే తాగలేదు. నెల్లూరు బస్సు వచ్చింది. ఎక్కాడు.

ఆదివారం నేనూ నెల్లూరు పోయాను. అక్క దిండ్లకు ఆనుకుని ఉంది. నన్ను చూసి నవ్వింది. బ్యాంకు కాగితాల మీద సంతకం పెట్టిందట, వంకరపోయిందని సిగ్గుపడింది. "పాదుకు నీళ్లు పోస్తా ఉండావా మే? పూత వచ్చిందా?" అని అడిగింది. వచ్చిందక్కా, పిందె కూడా నిలిచింది అన్నాను. "మొదటిది కొయ్యొద్దు. అది చర్చిది" అంది.

ఆ కాగితాలు బ్యాంకుకు చేరకముందే, బుధవారం తెల్లారి అక్క పోయింది.

ఆ డబ్బు చేతిలో ఉండి ఉంటే బతికేదా? డాక్టరు అలా అనలేదు. అప్పటికే ముదిరిపోయిందన్నాడు. మేమందరం అదే చెప్పాం, మళ్లీ మళ్లీ చెప్పాం. సారు మాత్రం తల పంకించి విన్నాడు. వినడం ఎందుకో నాకు ముందే చెప్పి ఉన్నాడు కదా.

కోతలయ్యాయి. కోతల పండుగ దగ్గరికొచ్చిందనగా ఒక సాయంత్రం సారు మా అరుగు మీదికొచ్చి కూర్చున్నాడు. చేతిలో కవరుంది. పోస్టాఫీసువాళ్లు ఇచ్చేశారట. ఏ ఇబ్బందీ పెట్టలేదట.

"మళ్లా అదే డబ్బు వచ్చిందమ్మాయ్" అన్నాడు. "ఏం చేద్దాం?"

వెనకటి రోజుల్లో అడిగినట్టే అడిగాడు. ఈసారి నేను గ్యాసు మాటెత్తలేదు. హెడ్మాస్టరు ప్లాటు మాటెత్తలేదు. మంగలతను ఆయన్ను చూసి పేపరు మడిచి చేతికిచ్చి తలొంచుకున్నాడట. నేను చూస్తుండగానే సారు ఆ కవరును చొక్కా లోపలి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

పండుగ రోజు అక్క గుమ్మడికాయను నేనే కోసి, తుడిచి చర్చికి తీసుకుపోయాను. పెద్ద కాయ. సారు ఎప్పటిలాగే అందరికంటే వెనక, చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. వడ్ల మూటలు పోయాయి. కోళ్లు పోయాయి. పాట నడిపే సంఘపెద్ద గుమ్మడికాయను రెండు చేతులతో ఎత్తాడు. అది ఎవరిదో చెప్పలేదు, అందరికీ తెలుసు. ఎవరో గౌరవంగా ఒక మాట పాడారు.

వెనకనుంచి సారు చెయ్యి పైకి లేచింది.

ఆయన దానికి రెట్టింపు పాడాడు. జనం వెనక్కి తిరిగారు. పాడినతను చటుక్కున నోరు మూసుకున్నాడు, ఆయన మీద ఎవరు పాడతారు? సంఘపెద్ద "ఒకటోసారి" అన్నాడో లేదో, సారు మళ్లీ చెయ్యెత్తి ఇంకా పైకి పాడాడు.

"సార్, మీ మీద ఎవురూ పాడలేదు. కాయ మీదే" అన్నాడు పెద్దాయన మెల్లగా.

"ఉండబ్బా, దించొద్దు" అన్నాడు సారు. "అంత తొందరగా పోకూడదు. ఆమె కాయ. కాసేపు నిలబడనీ."

మళ్లీ పాడాడు. మళ్లీ. తన మీద తానే. ఒక్కరు నవ్వలేదు. ఆడవాళ్లు కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు గానీ అది నవ్వు కాదు. పెద్దాయన బరువుకు చేతులు లాగుతున్నా కాయను దించలేదు. కవరులో ఉన్నదంతా అయ్యేదాకా సారు పాడుతూనే ఉన్నాడు. తర్వాత లేచి, ముందుకు నడిచి, కవరును కవరుగానే బల్ల మీద పెట్టి కాయను అందుకున్నాడు. మనమిచ్చింది మనమే కొనుక్కోవడమేందని ఎవరూ అడగలేదు.

ఇంటికి ఇద్దరం నడిచొచ్చాం. కాయను నన్ను పట్టుకోనివ్వలేదు. వాకిట్లోకొచ్చాక తన వాటావైపు పోకుండా నా వంటింటి గడప దగ్గర ఆగాడు. అక్క కూర్చునే చోటు.

"ఇది నీ గ్యాసు మీద వండమ్మాయ్" అన్నాడు. "పొగ తగలకుండా."

కోశాను. స్టవ్వు వెలిగించాను. ఆయన గడప మీద కూర్చుని మంటనే చూశాడు. ఆ మంటను ఆయన అంత దగ్గరగా చూడడం అదే మొదలు. కూర సగం ఉడికాక అడిగాడు:

"ఇది ఎంతవుతాదమ్మాయ్? పొయ్యి, సిలిండరు, అన్నీ కలిపి."

అన్ని రోజుల్లో ఎన్నడూ ఆ మాట అడగలేదు. నేను గరిటె తిప్పుతూ, ఆయన వైపు చూడకుండా, ఎంతో చెప్పాను. కవరులో పోయినదాంట్లో సగం కంటే తక్కువే.

"అంతేనా" అన్నాడు.